జ్వాలాపురపు రాళ్ళు - మనస్సు పుట్టుక



నంద్యాలలో నవనందులను సేవించి, ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలము చేరు యాత్రికులు ఎందరో కలరు. ఆ నంద్యాల సీమయందే, బనగానపల్లె చెంత, జుర్రేరు లోయలో జ్వాలాపురమను గ్రామము కలదు. మనవంటి మనస్సు గల మానవులు ఈ దేశమున ఎప్పటినుండి ఉన్నారను వాదమునకు ఆ గ్రామము నెలవైనది.

మనస్సు పుట్టుకను గూర్చిన తర్కము పాతదే. ప్రకృతి వరణ మొక్కటియే మానవ మనస్సును కలిగింపజాలదని 1869లో ఆల్ఫ్రెడ్ వాలెస్ అనెను. డార్విన్ ఒప్పుకొనక, మనకును మృగములకును మనోవిషయమున గల భేదము హెచ్చుతగ్గులదే గాని స్వభావమున కాదని 1871లో వ్రాసెను.

జ్వాలాపురపు కథ యిది. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా ద్వీపమున టోబా అగ్నిపర్వతము బ్రద్దలై, దాని బూడిద ఇంతదూరము వచ్చి పడినది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిసెట్టర్ మొదలగువారు ఆ పొరకు క్రిందను పైనను చెక్కిన రాతి పనిముట్లను కనుగొని, రెండును ఒకే తీరున నున్నవని 2007లో ప్రకటించిరి. ఆ ఉపద్రవమునకు ముందును పిమ్మటను మనవంటివారే ఇచ్చట నుండిరని వారి పక్షము. పాల్ మెల్లర్స్ ప్రభృతులు 2013లో దీనిని ఖండించిరి. ఆ పనిముట్లు మరియొక ప్రాచీన మానవజాతివి కావచ్చుననియు, మనవారు తరువాతనే చిన్నచిన్న రాతి పలుకుల విద్యతో వచ్చిరనియు వారి సిద్ధాంతము. బూడిద పడిన నాటి మానవుల ఎముకలు అచ్చట లభింపకుండుటచే వాదము తెగలేదు.

ఇరుపక్షములును రాతిని చూచి మనస్సును ఊహించుచున్నవి. కార్యమునుబట్టి కారణము నెరుగుట మనకు తెలిసిన అనుమాన ప్రమాణమే. ఆళ్ళగడ్డ శిల్పి ఉలి పట్టక మునుపే విగ్రహమును మనస్సున చూచును. ఆ ఆదిమానవుడును దెబ్బ వేయకముందే పదునైన అంచును తలచి యుండును. ఆ సంకల్పమునకు రాయి సాక్ష్యము. సంకల్పించినవాడెవ్వడో అది చెప్పలేదు.

ఇట్టి వార్త వినగానే కొందరు యుగముల లెక్క ఋజువైనదందురు. మరికొందరు మన శాస్త్రములకు హాని కలిగినదని కలతపడుదురు. రెండును తొందరపాటే. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతుని పదునైదు దినములు ఉపవసింపజేసి, చదివిన వేదమే స్ఫురింపకుండుటను అతనికి చూపి, మనస్సు అన్నమయమని బోధించెను. మనస్సు దేహము నాశ్రయించినదనుటకు ఋషులు వెనుదీయలేదు. ఆ మనస్సును ఎరుగు ఆత్మను వారు వేరుగా విచారించిరి. కనుక త్రవ్వకములకు మనము భయపడ పనిలేదు.

పూర్వపక్షమును పూర్తిగా వినుట మన సంప్రదాయము. వాదము తేలవలెనన్న సాక్ష్యము మిగులవలెను. యాగంటి ఉమామహేశ్వరుని సేవింపబోవు భక్తులు ఆ లోయలోని బూడిద పొరలను, రాతి పలుకులను చెదరగొట్టక కాపాడుదురుగాక!

స్వస్తి.