క్లబ్బు ఎవరిది? హైదరాబాద్ ఎఫ్‌సీ ఉత్థాన పతనాలు, అభిమానుల ఆవేదన

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పును అందుకున్న హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్, ఆ తర్వాత నాలుగేళ్లు గడవకముందే ఆ నగరానికి దూరమైంది. 2025లో దాని స్థానం ఢిల్లీకి తరలిపోయి, జట్టు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. విజేతగా నిలిచిన జట్టు లీగ్ అట్టడుగుకు పడిపోవడం, జీతాల బకాయిలు, యాజమాన్య మార్పు, చివరకు తరలింపు అన్నీ వరుసగా జరిగిపోయాయి. వీటిలో ఏ ఒక్క దశలోనూ అభిమానుల మాటకు చోటు దక్కలేదు. తెలుగు నేలపై వృత్తిపరమైన ఫుట్‌బాల్ ఎదుర్కొన్న ఈ పరిణామానికి దారితీసిన కారణాలను, దేశంలోనూ ప్రపంచంలోనూ ఇటువంటి సందర్భాలను ఈ కథనం వివరిస్తుంది.

పుణె నష్టం, హైదరాబాద్ లాభం

ఐఎస్ఎల్ 2014లో ఎనిమిది జట్లతో ఆరంభమైంది. అందులో ఎఫ్‌సీ పుణె సిటీ ఒకటి. వాధ్వాన్ కుటుంబ వ్యాపార సంస్థల ఆధీనంలో ఉన్న ఆ క్లబ్బు ఆర్థిక ఇబ్బందులతో 2019లో మూతపడింది. ఆ ఖాళీలో అదే ఏడాది ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆవిర్భవించింది. పారిశ్రామికవేత్త విజయ్ మద్దూరి, అంతకుముందు కేరళ బ్లాస్టర్స్ ముఖ్య కార్యనిర్వహణాధికారిగా పనిచేసిన వరుణ్ త్రిపురనేని దీని యజమానులు. పుణె ఆటగాళ్లలో పలువురి ఒప్పందాలు కొత్త క్లబ్బుకు బదిలీ అయ్యాయి. గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం సొంత మైదానమైంది.

అదే నెలలో మరో తరలింపూ జరిగింది. ప్రారంభం నుంచి లీగ్‌లో ఉన్న ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు వెళ్లి ఒడిశా ఎఫ్‌సీగా మారింది. పుణె అభిమాని కోల్పోయినది హైదరాబాద్ అభిమానికి, ఢిల్లీ అభిమాని కోల్పోయినది భువనేశ్వర్ అభిమానికి దక్కాయి. ఆరేళ్ల తర్వాత హైదరాబాద్ కోల్పోయిన జట్టు ఢిల్లీకే చేరడం ఈ వరుసలో తాజా ఘట్టం.

అట్టడుగు నుంచి శిఖరానికి

తొలి సీజన్ (2019-20) నిరాశపరిచింది. 18 మ్యాచ్‌ల్లో రెండే విజయాలు, 10 పాయింట్లతో పది జట్లలో హైదరాబాద్ చివరి స్థానంలో నిలిచింది. సీజన్ మధ్యలోనే ఇంగ్లండ్‌కు చెందిన కోచ్ ఫిల్ బ్రౌన్‌ను తప్పించారు. ఆయన స్థానంలో ఎంపికైన ఆల్బర్ట్ రోకా, 2020 ఆగస్టులో బార్సిలోనా సహాయక బృందంలో చేరేందుకు వెళ్లిపోయారు.

అప్పుడు వచ్చిన స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ జట్టు స్వరూపాన్నే మార్చివేశారు. లిస్టన్ కొలాసో, ఆకాశ్ మిశ్రా, ఆశిశ్ రాయ్ వంటి యువ భారతీయ ఆటగాళ్లపై ఆయన నమ్మకం ఉంచారు. 2020-21లో ఐదో స్థానం దక్కింది. 2021-22లో లీగ్ దశలో 38 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచి, సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్‌ను ఓడించింది. కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో సమమైంది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్‌లను అడ్డుకోగా హైదరాబాద్ 3-1తో గెలిచింది. నైజీరియా స్ట్రైకర్ బార్తోలోమ్యూ ఒగ్బెచే 18 గోల్స్‌తో ఆ సీజన్ బంగారు బూటు అందుకున్నారు.

ఈ వైభవంలో ఒక లోటు ఉంది. కోవిడ్ కారణంగా 2020-21, 2021-22 సీజన్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. జట్టు విజేతగా ఎదిగిన రెండేళ్లలో ఒక్క మ్యాచ్ కూడా గచ్చిబౌలిలో జరగలేదు. క్లబ్బుకూ నగరానికీ మధ్య అనుబంధం బలపడవలసిన కాలం టెలివిజన్ తెరల ముందే గడిచిపోయింది. డెక్కన్ లీజియన్ పేరిట ఏర్పడిన అభిమానుల బృందం, ప్రధాన క్రీడ క్రికెట్‌గా ఉన్న నగరంలో స్టేడియాన్ని నింపే పనిని 2022-23లో దాదాపు మొదటినుంచి చేపట్టవలసి వచ్చింది. ఆ సీజన్‌లోనూ జట్టు 42 పాయింట్లతో ముంబయి సిటీ తర్వాత రెండో స్థానంలో నిలిచింది. సెమీఫైనల్లో మాత్రం ఏటీకే మోహన్ బగాన్ చేతిలో షూటౌట్‌లో ఓడింది.

బకాయిలు తెచ్చిన పతనం

పతనం మైదానం బయట మొదలైంది. ఆటగాళ్లకు, సిబ్బందికి చెల్లింపులు నిలిచిపోయాయి. 2023లో మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్లారు. బకాయిల వివాదాలపై ఫిఫా, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) కొత్త ఆటగాళ్ల నమోదుపై నిషేధం విధించాయి. ఉన్న ఆటగాళ్లు వెళ్లిపోతుంటే వారి స్థానంలో కొత్తవారిని తీసుకునే వీలు లేకపోయింది. 2023-24 సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లలో అత్యధికులు, పలువురు సీనియర్ భారతీయ ఆటగాళ్లు జట్టును వీడారు. కోచ్ తంగ్‌బోయి సింగ్తో ఎక్కువగా యువకులతోనే మిగిలిన మ్యాచ్‌లు ఆడించారు.

22 మ్యాచ్‌ల్లో 1 విజయం, 5 డ్రాలు, 16 ఓటములు, 8 పాయింట్లు, 12 జట్లలో 12వ స్థానం. రెండేళ్ల కిందటి విజేత స్థితి ఇది. ఏకైక విజయం చెన్నైయిన్ ఎఫ్‌సీపై దక్కింది.

ఈ దశలో అభిమాని ఎదుర్కొన్న సంకటం ప్రత్యేకమైనది. జట్టు ఓడిపోతే ఆటగాడినో కోచ్‌నో విమర్శించడం సహజం. ఇక్కడ మైదానంలో ఉన్నవారు జీతాలు అందకపోయినా ఆడుతున్న యువకులు. వారిని నిందించడానికి మనసొప్పదు. నిందకు అర్హులైన వారు మైదానంలో కనిపించరు. స్టేడియానికి రావడం మానేస్తే ఆ యువకులను ఒంటరిని చేసినట్లవుతుంది. వస్తే టికెట్ సొమ్ము చెల్లింపులు ఎగవేసిన యాజమాన్యానికే చేరుతుంది.

కొత్త యాజమాన్యం, కొత్త నగరం

2024లో బీసీ జిందాల్ గ్రూపు క్లబ్బును స్వాధీనం చేసుకుంది. సీజన్ ఆరంభానికి ముందు ఆఖరి ఘడియల్లో జట్టు కూర్పు జరిగింది. 2024-25లో హైదరాబాద్ 13 జట్లలో 12వ స్థానంతో సరిపెట్టుకుంది. ఆ తర్వాతి ఏడాది క్లబ్బు ఢిల్లీకి తరలింది. కొత్త పేరుతో, కొత్త చిహ్నంతో 2025 చివరి నెలల్లో జరిగిన సూపర్ కప్‌లో బరిలోకి దిగింది.

ఇదే సమయంలో లీగ్ మొత్తం అనిశ్చితిలో పడింది. ఏఐఎఫ్ఎఫ్‌కు, లీగ్ నిర్వాహక సంస్థ ఫుట్‌బాల్ స్పోర్ట్స్ డెవలప్‌మెంట్ లిమిటెడ్‌కు మధ్య ఉన్న 15 ఏళ్ల హక్కుల ఒప్పందం గడువు 2025 డిసెంబరు 8తో ముగియనుండగా, జులైలోనే సీజన్‌ను నిలిపివేస్తున్నట్లు క్లబ్బులకు సమాచారం అందింది. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తన ప్రధాన జట్టు జీతాలను నిరవధికంగా నిలిపివేసింది. హైదరాబాద్ కష్టాలు ఒక యాజమాన్య వైఫల్యంతో మొదలైనా, అవి బలహీనమైన వ్యవస్థలో పుట్టినవేనని ఈ పరిణామాలు సూచిస్తున్నాయి.

ఫ్రాంచైజీ పద్ధతి ఎలా పనిచేస్తుంది?

యూరప్, దక్షిణ అమెరికాలలో క్లబ్బులు చాలావరకు ఒక పేటలోనో, కర్మాగారంలోనో, పాఠశాలలోనో పుట్టి క్రమంగా ఎదిగినవి. ఐఎస్ఎల్ ఇందుకు భిన్నంగా ఫ్రాంచైజీ పద్ధతిలో ఏర్పడింది. లీగ్‌లో ఆడే హక్కును వ్యాపార సంస్థ పొందుతుంది. ఆ హక్కుకు నగరం ఒక చిరునామా వంటిది. యజమాని మారితే చిరునామా కూడా మారవచ్చు.

ఆదాయ మార్గాలు కూడా పరిమితం. టికెట్ల అమ్మకాలు, స్థానిక ప్రకటనదారులు, లీగ్ నుంచి వచ్చే వాటా కలిపినా ఆటగాళ్ల జీతాలు, ప్రయాణాలు, స్టేడియం అద్దె వంటి ఖర్చులకు చాలవు. ఏటా వచ్చే నష్టాన్ని యజమాని తన ఇతర వ్యాపారాల నుంచి పూడ్చాలి. ఆ వ్యాపారాలు దెబ్బతిన్నా, యజమానికి ఆసక్తి తగ్గినా క్లబ్బుకు మరో ఆధారం ఉండదు. బకాయిలు లేకపోవడం ఏఐఎఫ్ఎఫ్ క్లబ్ లైసెన్సు షరతుల్లో ఒకటి. అయితే క్లబ్బు యాజమాన్యంలో అభిమానులకు వాటా ఉండాలనో, తరలింపునకు వారి సమ్మతి కావాలనో చెప్పే నిబంధన లేదు.

కోల్‌కతా, కొచ్చి అనుభవాలు

యాజమాన్యంపై అసంతృప్తి హైదరాబాద్‌కే పరిమితం కాదు. కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు కార్యవర్గానికీ పెట్టుబడి సంస్థ శ్రీ సిమెంట్‌కూ మధ్య ఒప్పందం వివాదంగా మారినప్పుడు, 2021 జులైలో అభిమానులు క్లబ్బు ఎదుట నిరసనకు దిగారు. పోలీసులు లాఠీఛార్జి చేశారు.

మోహన్ బగాన్ ఫుట్‌బాల్ విభాగం 2020లో ఏటీకేతో కలిసిన తర్వాత, 1889లో స్థాపితమైన తమ క్లబ్బు పేరు ముందు ఏటీకే అన్న అక్షరాలను తొలగించాలని అభిమానులు దీర్ఘకాలం ఉద్యమించారు. 2023 మార్చిలో జట్టు ఐఎస్ఎల్ గెలిచిన రోజున యజమాని సంజీవ్ గోయెంకా పేరు మార్పును ప్రకటించారు. క్లబ్బు మోహన్ బగాన్ సూపర్ జెయింట్ అయింది.

కేరళ బ్లాస్టర్స్ అభిమానుల బృందం మంజప్పడ 2024-25 సీజన్‌లో వరుస వైఫల్యాలపై యాజమాన్యానికి వ్యతిరేకంగా బహిరంగ నిరసన చేపట్టింది. కోచ్ మికాయెల్ స్టాహ్రేను 2024 డిసెంబరులో తొలగించినా అసంతృప్తి చల్లారలేదు.

సంఖ్యాబలం, దశాబ్దాల చరిత్ర ఉన్నచోట అభిమానుల మాటకు కొంత విలువ దక్కిందని ఈ ఉదాహరణలు చెబుతున్నాయి. ఆరేళ్ల వయసున్న హైదరాబాద్ క్లబ్బు అభిమానులకు ఆ రెండు బలాలూ లేవు.

ప్రపంచం నేర్చుకున్న పాఠాలు

తరలింపుపై అత్యంత ప్రసిద్ధమైన వివాదం లండన్‌లో జరిగింది. 1988లో ఎఫ్ఏ కప్పు గెలిచిన వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్ నగరానికి తరలించేందుకు 2002లో అనుమతి లభించింది. దాన్ని అంగీకరించని అభిమానులు అదే ఏడాది ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్బును స్థాపించారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ శ్రేణుల్లో తొమ్మిదో అంచె నుంచి మొదలైన ఆ క్లబ్బు 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లో ప్రవేశించింది. 2020లో సొంత ప్రాంతమైన ప్లౌ లేన్‌కు తిరిగి చేరుకుంది.

జర్మనీలో 1998 నుంచి అమలులో ఉన్న ‘50+1’ నిబంధన ప్రకారం ఓటు హక్కులో మెజారిటీ క్లబ్బు సభ్యుల వద్దే ఉండాలి. లెవర్కూసెన్, వోల్ఫ్స్‌బర్గ్ వంటి కొన్నింటికి మినహాయింపు ఉంది. స్పెయిన్‌లో రియల్ మాడ్రిడ్, బార్సిలోనా సభ్యులు తమ అధ్యక్షుడిని ఓటు ద్వారా ఎన్నుకుంటారు. ఇంగ్లండ్‌లో 2021 నాటి యూరోపియన్ సూపర్ లీగ్ ప్రతిపాదనపై అభిమానులు ఆగ్రహించడంతో ఆ దేశపు ఆరు క్లబ్బులూ రోజుల వ్యవధిలోనే వెనక్కి తగ్గాయి. ఆ తర్వాత జరిగిన సమీక్ష ఫలితంగా 2025లో ఫుట్‌బాల్ పాలన చట్టం వచ్చి, స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది.

ఉక్కు పట్టణాల పోలిక

యజమాని, పట్టణం ఒకే చోట వేళ్లూనుకున్న ఉదాహరణ దేశంలోనే ఉంది. టాటా స్టీల్ ఆధ్వర్యంలో 2017లో ఏర్పడిన జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ, ఆ సంస్థ నిర్మించిన పట్టణంలోనే ఆడుతుంది. హైదరాబాద్ కప్పు గెలిచిన 2021-22 సీజన్‌లోనే లీగ్ షీల్డ్‌ను ఈ జట్టు గెలుచుకుంది.

మరో ఉక్కు నగరం భిలాయికి, దాని సమీపంలోని ఉతై వంటి పట్టణాలకు ఈ భాగ్యం లేదు. ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్న ఈ ప్రాంతంలో క్రీడలకు అండ ప్రభుత్వ రంగ సంస్థే. ఛత్తీస్‌గఢ్ నుంచి ఐఎస్ఎల్‌లో ఇప్పటివరకు ఏ జట్టూ లేదు. ఇటువంటి చోట్ల ఉన్న తెలుగువారికి జాతీయ లీగ్‌లో సొంత భాషా ప్రాంతపు జట్టు అంటే ఆరేళ్లపాటు హైదరాబాదే. దూరాన ఉండి టెలివిజన్‌లో చూసే అభిమానికి తరలింపు మరింత వింతైన నష్టం. తెరపై అదే లీగ్ కనిపిస్తుంది, పాత పేరు మాత్రం పట్టికలో ఉండదు.

మిగిలిన వారసత్వం

హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర ఐఎస్ఎల్ కంటే ఎంతో పాతది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. సికింద్రాబాద్ ప్రాంతానికి చెందిన తులసీదాస్ బలరాం ఆ తరపు మేటి ఆటగాళ్లలో ఒకరు. అప్పటి ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. జట్టు భవితవ్యం ఒక వ్యాపార సంస్థ లాభనష్టాలపై ఆధారపడి ఉండేది కాదు.

ప్రస్తుతం విద్యాసంస్థల నేపథ్యం గల శ్రీనిధి డెక్కన్ ఎఫ్‌సీ హైదరాబాద్ కేంద్రంగా ఉంది. ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానం సాధించింది. విజేతకు మాత్రమే ఐఎస్ఎల్ ప్రవేశం లభించడంతో రెండుసార్లూ ఆ అవకాశం చేజారింది.

కాలక్రమం

2019 ఆగస్టు: పుణె సిటీ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పాటు.
2020: తొలి సీజన్‌లో చివరి స్థానం, కోచ్‌గా మనోలో మార్కెజ్ రాక.
2022 మార్చి 20: కేరళ బ్లాస్టర్స్‌పై గెలిచి ఐఎస్ఎల్ కప్పు కైవసం.
2023: మార్కెజ్ నిష్క్రమణ, బకాయిల సంక్షోభం.
2024: 8 పాయింట్లతో చివరి స్థానం, బీసీ జిందాల్ గ్రూపు చేతికి క్లబ్బు.
2025: ఢిల్లీకి తరలింపు; స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా నామకరణం.

క్లబ్బు తరలిపోయినా 2022 నాటి కప్పు రికార్డుల్లో హైదరాబాద్ పేరిటే ఉంటుంది. మరో యజమాని ముందుకు వస్తే నగరానికి మరో జట్టు రావచ్చు. అయితే ఆటగాడి జీతానికి పూచీ, తరలింపునకు ముందు అభిమానులతో సంప్రదింపు, క్లబ్బు పేరు, చిహ్నాలపై నగరానికి హక్కు అన్న మూడు అంశాలు నిబంధనల్లో చేరనంతకాలం, ఆ కొత్త జట్టు కూడా పుణె, ఢిల్లీ, హైదరాబాద్ జట్లు నడిచిన దారిలోనే పోయే ప్రమాదం ఉంటుంది.