మిషనరీ దంపతుల వీడ్కోలు: బందరు నుంచి హైదరాబాదు దాకా

మోర్మన్లని జనం పిలిచే యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం 1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. తర్వాత దాని కేంద్రం సాల్ట్ లేక్ సిటీకి మారింది. స్థానిక సంఘాలను నడిపేందుకు జీతం తీసుకునే పాదిరీలు ఇందులో ఉండరు. బోధకూ సేవకూ ఊరు దాటి వెళ్లేది మామూలు సభ్యులే. యువకులు రెండేళ్లు, యువతులు ఏడాదిన్నర పనిచేస్తారు. పిల్లల బాధ్యతలు తీరి, ఉద్యోగం నుంచి దిగిపోయిన భార్యాభర్తలు సొంత ఖర్చుతో 6, 12, 18 లేదా 23 నెలలకు వెళ్తారు. ఎన్నాళ్లుంటారో బయల్దేరేముందే తెలుసు కనుక ఈ దంపతుల వీడ్కోలు తేదీ కూడా దాదాపు ముందే ఖాయమై ఉంటుంది. తెలుగు నేల అంతకుముందు చూసిన మిషనరీ వీడ్కోళ్లకూ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే.

కృష్ణా తీరానికి మొదట వచ్చిన ఆంగ్లికన్ మిషనరీలకు గడువంటూ లేదు. చర్చి మిషనరీ సొసైటీ 1841లో రాబర్ట్ నోబుల్‌నూ, హెన్రీ వాట్సన్ ఫాక్స్ దంపతులనూ మచిలీపట్నానికి, అంటే బందరుకు, పంపింది. ఇంగ్లండులో ఓడ ఎక్కితే ఆఫ్రికా దక్షిణపు కొన చుట్టి మద్రాసు చేరడానికి నాలుగు నెలలు పట్టేది. ఆగిరిపల్లి, నూజివీడు పరిసరాల మామిడి సీమ అప్పట్లో మచిలీపట్నం జిల్లాలోనే, జమీందార్ల ఏలుబడిలో ఉంది.  ఈ లోతట్టు ఊళ్లకు దగ్గరలో సొసైటీ కేంద్రం వెలిసింది తర్వాత చాలా ఏళ్లకు, 1858లో, బెజవాడలో. అంతవరకూ పని ఎక్కువగా బందరు చుట్టూనే తిరిగింది.

నోబుల్ 1843లో బందరులో బడి పెట్టాడు. పెళ్లి చేసుకోలేదు, ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారీ స్వదేశం వెళ్లలేదు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన బందరును తుడిచిపెట్టినప్పుడు కూడా ఊరు విడవకుండా, మరుసటి ఏడు అక్టోబరులో అక్కడే కన్నుమూశాడు. ఆయనకు వీడ్కోలు సభ జరిగే సందర్భమే రాలేదు. ఫాక్స్ దంపతుల కథ మరింత కష్టమైనది. ఆరోగ్యం చెడి 1845లో ఇంగ్లండుకు ప్రయాణమైన భార్య ఎలిజబెత్, మద్రాసు రేవు దాటకముందే ఓడలో మరణించింది. భర్త పిల్లలను ఇంగ్లండులో దిగబెట్టి బందరుకు తిరిగొచ్చాడు గానీ, ఒంట్లో సత్తువ మిగల్లేదు. 1848లో మళ్లీ స్వదేశానికి వెళ్లి, ఆ అక్టోబరులోనే పోయాడు. ఆయన చదువుకున్న రగ్బీ పాఠశాల ఆయన జ్ఞాపకార్థం బందరు బడిలో ఒక ఉపాధ్యాయుడి జీతం భరించింది. రేవులో సెలవు తీసుకోవడమంటే ఆ తరంలో రెండు వైపుల వారికీ మళ్లీ చూస్తామో లేదో తెలియని మాట.

మోర్మన్లు మద్రాసు ప్రెసిడెన్సీలో అడుగుపెట్టింది ఇదే కాలంలో. 1852 ఆగస్టులో సాల్ట్ లేక్ సిటీలో జరిగిన సభలో చాలా దేశాలకు మిషనరీలను పిలిచారు. భారతదేశానికీ సయాముకూ పేర్లు పడిన వారు 1853 ఏప్రిల్‌లో కలకత్తా చేరారు. వారిలో రిచర్డ్ బాలంటైన్, రాబర్ట్ స్కెల్టన్, రాబర్ట్ ఓవెన్స్ మద్రాసు వచ్చారు. పెళ్లయిన వారు కూడా భార్యాబిడ్డలను ఇంటి దగ్గరే వదిలి వచ్చినవారే. దంపతులను జంటగా పంపే పద్ధతి ఆ సంఘంలో అప్పటికి లేదు. అదే 1852 సభలో బహుభార్యాత్వాన్ని సంఘం బాహాటంగా ఒప్పుకుంది. ఆ వార్త ఓడల్లో వీరికంటే ముందుగానో వీరి వెనకనో అన్ని రేవులకూ చేరింది. మద్రాసులో వీరు బోధించింది ఎక్కువగా ఇంగ్లిషు వచ్చిన సైనికులకూ ఐరోపా కుటుంబాలకూ. బాలంటైన్ ఒక పత్రిక కూడా నడిపాడు. తెలుగు పల్లెల దాకా ఆ ప్రయత్నం రాలేదు. 1854లో ఆయన ఓడ ఎక్కాడు, 1856 నాటికి మిగిలిన వారూ వెళ్లిపోయారు. పదుల సంఖ్యలో కూడా సభ్యులు మిగలని చోట వీడ్కోలు ఎంత పలచగా జరిగి ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత వందేళ్లకు పైగా తెలుగు జిల్లాల మిషనరీ చరిత్రలో మోర్మన్ల ప్రస్తావన దాదాపు లేదు.

మళ్లీ కథ మొదలైంది పసిఫిక్ దీవి సమోవాలో. అక్కడ కీటక శాస్త్రవేత్తగా పనిచేసిన ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ 1970ల్లో అక్కడే ఈ సంఘంలో చేరారు. ఇద్దరూ తెలుగువారు, హైదరాబాదులో పెద్ద బంధువర్గం ఉన్నవారు. ఆ బంధువులకు బోధించే పనిని సంఘం పరాయి దేశస్థులకు ఇవ్వకుండా ఈ జంటకే అప్పగించి, 1978 డిసెంబరులో కొద్దికాలపు పిలుపుమీద హైదరాబాదు పంపింది. వారి బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ తండ్రి పి. శ్రీనివాసం బాప్టిస్టు పాదిరీ. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే బాధ్యత ఆయనే తీసుకున్నాడు. అందులోని కొన్ని భాగాలు 1982లో తెలుగులో అచ్చయ్యాయి. ఒక శాఖకు చెందిన పాదిరీ మరో శాఖ గ్రంథాన్ని తన భాషలోకి మార్చడం మిషనరీ చరిత్రలో తరచు కనిపించేది కాదు. కూతురి మీది మమకారం అందులో ఎంతో, భాష మీది మక్కువ ఎంతో విడదీసి చెప్పలేం.

ధర్మరాజు దంపతుల వీడ్కోలుకు పాత లెక్కలేవీ సరిపోవు. ఫాక్స్ దంపతులకు పనిచేసిన చోటు పరదేశం, తిరిగి వెళ్లే చోటు ఇల్లు. వీరికి రెండూ తారుమారయ్యాయి. మిషను కోసం వచ్చింది పుట్టినింటికి, గడువు తీరాక వెళ్లాల్సింది దీవికి. వెనక వదిలింది అత్తమామలు, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ముల వంటి వారితో నిండిన కొత్త సంఘాన్ని. దానికి సొంత గుడి లేదు, చేతిలో తెలుగు గ్రంథమూ ఇంకా లేదు. అయినా అది నిలిచింది. మిషనరీ వెళ్లాక కూడా వారం వారం కలుసుకోవడానికి బంధుత్వమే వారికి తోడైందని అనుకోవడంలో తప్పులేదు.

1993 జనవరిలో బెంగళూరు కేంద్రంగా భారత మిషను ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షుడు పంజాబీ మూలాలున్న గణితాచార్యుడు గురుచరణ్ సింగ్ గిల్. 2012 మే 27న దేశంలో మొదటి స్టేకు, అంటే అనేక స్థానిక సంఘాల సమాఖ్య, హైదరాబాదులో ఏర్పడింది. విశాఖపట్నం, రాజమండ్రిలోనూ సభ్యులున్నారు. 2018 ఏప్రిల్ 1న బెంగళూరుకు ఆలయం ప్రకటించారు. ఇంత పనికీ వెన్నుదన్నుగా విదేశీ వృద్ధ దంపతులు వస్తూ పోతూ ఉన్నారు. వీధి ప్రచారం యువ మిషనరీలది. వీరి పని మాత్రం కొత్త నాయకులకు లెక్కలూ పద్ధతులూ నేర్పడం, తాగునీరు, చక్రాల కుర్చీలు, నవజాత శిశువుల సంరక్షణ వంటి సేవల మీద కన్నేసి ఉండడం. ఇలాంటి పనుల్లో పేరు దక్కేది తక్కువ, ఓపిక పట్టేది ఎక్కువ.

ఈ దంపతులు వెళ్లే ముందు ఆదివారపు సంస్కార సమావేశంలో భర్త ఒకసారి, భార్య ఒకసారి సాక్ష్యం చెబుతారు. ఆ సమావేశం ఆరాధనకే పరిమితం కావాలని సంఘం పట్టుబడుతుంది. మిషనరీ వీడ్కోలు కుటుంబ వేడుకలా పెరిగిపోతున్నదని అధ్యక్షుడు గోర్డన్ బి. హింక్లీ 2002 అక్టోబరు సభలో చెప్పి, దాన్ని కుదించమన్నాడు. తెలుగు నాట ఎవరి వీడ్కోలుకైనా తప్పని దండ, శాలువా, గ్రూపు ఫోటో, భోజనం ఈ నియమం వల్ల ఆరాధనకు వెలుపలే జరగాలి. అమెరికన్ పాదిరీ జెరెమయా రాంకిన్ 1880 ప్రాంతంలో రాసిన వీడ్కోలు కీర్తన మోర్మన్ల కీర్తనల పుస్తకంలోనూ ఉంది, ప్రొటెస్టెంటు సంఘాల్లోనూ పాడతారు.

విమానం ఎక్కినంత మాత్రాన సేవ ముగియదు. పేరు రాసిన నల్ల బిల్ల చొక్కా మీద, చీర మీదో గౌను మీదో అలాగే ఉంటుంది. సొంతూరు చేరాక ఆ ప్రాంతపు స్టేకు అధ్యక్షుడు వారిని అధికారికంగా విడుదల చేస్తాడు. తర్వాత అక్కడి సంఘంలో నిలబడి తమ సేవ గురించి నివేదిస్తారు.