కొండగట్టు దారి: పాదం, చక్రం, వేగం

కరీంనగర్ నుంచి జగిత్యాలకు పోయే రహదారికి పక్కన, ముత్యంపేట దగ్గర వెలసిన కొండగట్టు అంజన్న క్షేత్రానికి దారి మొదట నడిచేవాళ్లది. చైత్ర పౌర్ణమినాటి చిన్న జయంతికీ, వైశాఖ బహుళ దశమినాటి పెద్ద జయంతికీ, 41 రోజులో 21 రోజులో 11 రోజులో నియమం పట్టిన దీక్షాపరులు కాషాయం కట్టి, ఇరుముడి తలకెత్తుకుని, కాలే తారు మీద ఒట్టి పాదాలతో నేటికీ నడిచి వస్తారు.

సైకిలూ, ఆపైన మోటారూ అదే దారిలోకి వచ్చాక బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు చట్టం చెప్పే జవాబు పాతదే. 1860 నాటి భారత శిక్షాస్మృతి 279వ సెక్షన్, బహిరంగ మార్గంలో ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా దుడుకుగా వాహనం నడపడాన్నే కాక ‘సవారీ’ చేయడాన్నీ నేరంగా చూసింది కాబట్టి, సైకిలు తొక్కేవాడికి అందులో మినహాయింపు దొరకదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ ఆ స్థానంలోకి వచ్చింది.

కొండగట్టు మీదికి పోయేది ఘాట్ రోడ్డు, అంటే కొండవాలును మలుపులుగా కోసి వేసిన దారి. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక బండి ఆగే దూరం దాదాపు నాలుగింతలవుతుంది, దిగుడులో ఇంకా పెరుగుతుంది. కడ్డీ బ్రేకుల పాత సైకిలుకైతే తడిసిన ఇనుప రిమ్ము మీద రబ్బరు ముక్కలు పట్టు దొరక్క జారతాయి. ఇరుకైన నిట్టదారిలో ఎక్కే వాహనానికే ముందు దారి ఇవ్వాలన్న రహదారి నిబంధన, జాగ్రత్త భారాన్ని దిగేవాడి మీద పెట్టడం న్యాయమే. 2018 సెప్టెంబరు 11న, వందమందికి పైగా ఎక్కిన ఆర్టీసీ బస్సు ఈ ఘాట్ దిగుతూ లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సౌరఫలకాల నీడన 23 కిలోమీటర్ల సైకిల్ బాట తెరిచారు. కొండగట్టు మలుపుల్లో మాత్రం పాదమూ చక్రమూ ఒకే తారును పంచుకుంటున్నాయి.