జంట దోనె వంటి పరీక్ష: పెట్-సీటీ కథ

"సీటీ స్కాన్ తీశారు గదా, మళ్ళీ ఈ పెట్ స్కాన్ ఎందుకండీ?" క్యాన్సర్ రోగుల కుటుంబాల వారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీనికి సమాధానం ఆ పరీక్ష పుట్టిన తీరులోనే ఉన్నది.

మా కొండకర్ల ఆవలో రెండు తాటి దోనెలను జతగా కట్టి నడుపుతారు. ఒంటి దోనె మనిషి కదిలితే ఒరుగుతుంది. జంట దోనె నిలకడగా సాగుతుంది. పెట్-సీటీ కూడా అటువంటి జంటయే.

మొదటి దోనె శరీర నిర్మాణాన్ని చూపేది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సీటీ యంత్రంతో తొలిసారి ఒక రోగి మెదడును పరీక్షించారు. గడ్డ ఎక్కడ ఉన్నదో, ఎంత ఉన్నదో సీటీ చక్కగా చెబుతుంది. అయితే ఆ గడ్డలో జీవమున్నదా, అది మానిన మచ్చయా అన్నది చాలాసార్లు చెప్పలేదు.

రెండవ దోనె శరీరంలో జరిగే పనిని చూపేది. 1923లో హెవెసీ రేడియోధార్మిక సీసాన్ని చిక్కుడు జాతి మొక్కలకు అందించి, అది ఏ భాగానికి చేరుతున్నదో గుర్తించాడు. ఈ 'జాడ పట్టే' పద్ధతికే ఆయనకు 1943 నోబెల్ బహుమతి లభించింది. అనేక క్యాన్సర్ కణాలు చక్కెరను అధికంగా వాడుకుంటాయని 1920లలోనే వార్‌బర్గ్ గమనించాడు. ఈ రెండింటి ఫలమే ఎఫ్‌డీజీ, అంటే ఫ్లోరిన్-18 అతికించిన చక్కెర. కణం దానిని లోనికి తీసుకుంటుంది గాని పూర్తిగా జీర్ణించుకోలేదు. అది అక్కడే చిక్కుకొని తన ఉనికిని తెలుపుతుంది. 1976లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దీనిని తొలిసారి మనుషులకు ఇచ్చారు.

కాని పెట్ చిత్రం చీకటిలో దీపం వంటిది. వెలుగు కనబడుతుంది, అది ఏ గదిలోనిదో స్పష్టంగా తెలియదు. అందుకే రెండింటినీ కలపవలసి వచ్చింది. 1990వ దశకం తొలినాళ్ళలో కాలిఫోర్నియాలో హసెగావా గామా కెమెరాను సీటీతో జతచేసే ప్రయత్నం చేశాడు. టౌన్‌సెండ్, నట్ రూపొందించిన పెట్-సీటీ నమూనా 1998లో పిట్స్‌బర్గ్‌లో పని ప్రారంభించింది. రోగి బల్ల మీద నుండి లేవకుండానే రెండు చిత్రాలూ వస్తాయి కనుక ఒకదానిపై ఒకటి సరిగ్గా అమరుతాయి.

మన దేశంలో తొలి వైద్య సైక్లోట్రాన్ 2002లో ముంబయిలోని రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో నెలకొన్నది. 2004లో అక్కడి టాటా మెమోరియల్ ఆసుపత్రికి పెట్-సీటీ వచ్చింది. ఫ్లోరిన్-18 శక్తి ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది. దానిని కొని దాచుకొనే వీలు లేదు. కనుకనే ఇటువంటి కేంద్రాలు పెద్ద నగరాలలో వెలిశాయి, మా వంటి పల్లెల వారు నగరాలకు ప్రయాణం కట్టవలసి వస్తున్నది. ఇచ్చిన వేళకు ఆలస్యంగా వెళ్ళవద్దని చెప్పేదీ అందుకే.

ఇక రోగి భవిష్యత్తును అంచనా వేయడంలో దీని విలువ చూడండి. హాడ్జ్‌కిన్ లింఫోమాకు చికిత్స జరిగిన తరువాత కూడా ఛాతీలో గడ్డ మిగిలి ఉండవచ్చు. అందులో వెలుగు ఎంత ఉన్నదో కాలేయంతోను, ఛాతీలోని రక్తంతోను పోల్చి 1 నుండి 5 వరకు అంకె వేసే పద్ధతి 2009లో ఫ్రాన్స్‌లోని డోవిల్ పట్టణంలో రూపొందింది. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో 1,214 మంది రోగులు చేరారు. రెండు విడతల మందుల తరువాత పెట్ చిత్రం శుభ్రంగా ఉన్నవారిలో కొందరికి ఊపిరితిత్తులను దెబ్బతీయగల బ్లియోమైసిన్‌ను మానివేశారు. మూడేళ్ళకు వ్యాధి ముదరకుండా ఉన్నవారు మందు కొనసాగించిన వర్గంలో 85.7 శాతం, మానిన వర్గంలో 84.4 శాతం. ఫలితం దాదాపు సమానం, ఊపిరితిత్తులకు హాని తక్కువ.

అయితే వెలిగినదంతా క్యాన్సర్ కాదు. క్షయ వెలుగుతుంది, చీముగడ్డ వెలుగుతుంది. కొన్ని క్యాన్సర్లు అసలు వెలగవు. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో రిపోర్టులోని ఒక్క వాక్యం చూసి గుండె జారవిడుచుకోవద్దు. అవసరమైతే ముక్క పరీక్ష చేయించిన తరువాతనే నిర్ధారణ. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందుగానే చెప్పాలి. పరీక్షకు ముందు కనీసం నాలుగు గంటలు ఆహారం తీసుకోరాదు, మంచినీళ్ళు త్రాగవచ్చు.

ఖర్చుతో కూడిన పరీక్ష గనుక మీ వైద్యుని ఒక మాట అడగండి: "ఈ స్కాన్ ఫలితాన్ని బట్టి చికిత్స మారుతుందా?" మారుతుందంటే సంకోచించకుండా చేయించుకోండి. మారదంటే ఆ సొమ్ము మందులకు దాచుకోండి.