దగ్గరి వేట, దూరపు గురి

1963లో అమెరికాలోని రెమింగ్టన్ కంపెనీ ఎక్స్‌పీ-100 పేరుతో ఒక కొత్త తరహా పిస్టల్‌ను అమ్మకానికి తెచ్చింది. చేతపడితే పిస్టలే, లోపలి యంత్రాంగం మాత్రం రైఫిల్‌ది: ఒకసారికి ఒకే తూటా, వెనక బోల్టు, పైన టెలిస్కోపు బిగించుకునే వీలు. 1967లో వచ్చిన థాంప్సన్/సెంటర్ వారి కంటెండర్‌లోనైతే పిడి అలాగే ఉంచి గొట్టం ఒక్కటే మార్చుకోవచ్చు. చిన్న జంతువుకు ఒక తూటా, జింకకు మరొకటి. ఇలాంటి వాటిని తీసుకుని, వేటగాడు కోరిన తూటాకు, అతని చేతి పట్టుకు సరిపోయేలా ఒక్కొక్కటిగా మలిచి ఇవ్వడం అక్కడి తుపాకీ పనివాళ్లకు ఒక ప్రత్యేక విద్య అయింది. 1970ల్లో ఊపందుకున్న లోహపు బొమ్మల పోటీల్లో పొట్టేలు బొమ్మను 200 మీటర్ల దూరం నుంచి చేతి తుపాకీతో పడగొట్టాలి. ఆ తుపాకీలు మలిచే విద్య అప్పటి నెల్లూరు జిల్లా తీరంలోని శ్రీహరికోటకు రాలేదు. వేట ఎరుగని చోటు కనుక రాలేదనుకుంటే పొరపాటు. తరతరాల వేటగాళ్లున్న దీవి అది. వేటగాడు తన వేటకు ఎంత దూరంలో నిలబడాలన్నది ఇక్కడ చేతి నేర్పు కన్నా చట్టమే ఎక్కువగా నిర్ణయించిందని నా వాదన.

తుపాకీ ఈ తీరానికి ఆలస్యంగా చేరిందని ఎవరూ అనలేరు. దీవికి దక్షిణాన, పులికాట్ సరస్సు ముఖద్వారం దగ్గర, డచ్చివారు 1613లో గెల్డ్రియా కోటను నిలబెట్టారు. అక్కడి పులికాట్ ఊళ్లోనే తుపాకీ మందు తయారుచేసి తూర్పు దీవుల్లోని తమ స్థావరాలకు ఓడల్లో పంపారు. ఉత్తరాన దుగరాజపట్నంలో, అప్పటి రాతల్లో ఆర్మగాన్ అన్నచోట, 1628 నాటికే ఇంగ్లీషువారు కోట కట్టుకుని ఫిరంగులు పెట్టుకున్నారు. మద్రాసు అప్పటికి ఇంకా పుట్టలేదు. అంటే మందు తయారయ్యే ఊరికీ, ఫిరంగులు మోహరించిన ఊరికీ నడుమ ఉన్న దీవి శ్రీహరికోట. అయినా ఆ దీవి అడవిలో వేట మీద బతికిన యానాదులనే తెగవారి చేతికి తుపాకీ చేరలేదు.

వాళ్ల విద్య వేరు. కుండకు చిన్న బెజ్జం చేసి, అందులో గడ్డి రాజేసి, ఎలుక కలుగులోకి పొగ ఊదుతారు. మిగతా దారులు మూసేసి ఒక్క దారి దగ్గర కాచుకుంటారు. ఇందులో గురి అక్కర్లేదు, ఏ కలుగు ఎటు మలుపు తిరుగుతుందో తెలియాలి. 1835లో మద్రాసు ప్రభుత్వం పట్టణానికి వంటచెరకు కోసం శ్రీహరికోట అడవిని తన చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ తెలివినే వాడుకుంది. తేనె, కుంకుళ్లు, ముష్టి గింజలు, అద్దకానికి పనికొచ్చే చిరివేరు యానాదులే తెచ్చిచ్చారు. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన టి.సి. జెర్డన్ పక్షుల సంగతులు రాసుకుంటూ వీళ్ల దగ్గర నేర్చుకున్నాడు. 1901లో రంగారావు మద్రాసు మ్యూజియం కోసం యానాదుల మీద ప్రత్యేకంగా రాశాడు; 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద తన గ్రంథంలో వాళ్లకు చాలా పేజీలిచ్చాడు. వీళ్ల అడవి జ్ఞానాన్ని ఇంతమంది మెచ్చుకుని రాసుకున్న కాలంలోనే, ఆ జ్ఞానంతో బతికే దారులను చట్టం ఒకటొకటిగా మూస్తూ వచ్చింది. ఈ రెండు పనులూ ఒకే ప్రభుత్వ నీడలో జరిగాయన్నది నాకు మింగుడుపడని విషయం.

1878 నాటి ఆయుధాల చట్టం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడాన్ని నేరం చేసింది; తెల్లవారిని మాత్రం ఆ నిబంధన నుంచి మినహాయించారు. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవిలో అనుమతి లేని వేట, ఉచ్చు పన్నడం కూడా శిక్షార్హమయ్యాయి. ఆ మీదట యానాదుల్లో కొందరికి నేరస్తుల జాతుల చట్టం ముద్ర పడింది. దానిమీద వెన్నెలకంటి రాఘవయ్య చేసిన పోరాటం నెల్లూరు చరిత్రలో గర్వించదగ్గది. పోలీసులకు హాజరు చెప్పుకోవలసిన మనిషికి తుపాకీ లైసెన్సు ఎవరిస్తారు? ఆయుధాల చట్టం మీద కోపం యానాదులది మాత్రమే కాదు, దేశానిది. 1930లో గాంధీ వైస్రాయి ముందుంచిన పదకొండు కోరికల్లో తుపాకీ లైసెన్సుల మీద ప్రజల అదుపు ఉండాలన్నది ఒకటి. స్వతంత్ర భారతం 1959లో కొత్త చట్టం తెచ్చింది. అందులో 13వ సెక్షన్ చూడండి. ఆత్మరక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న, లోపల గాడులు లేని తుపాకీకి లైసెన్సు ఇవ్వాలంటుంది. పంట కాపలాకైతే మూతి నుంచి మందు కూరే తుపాకీకి. గాడులు లేని గొట్టం నుంచి వచ్చే సీసపు గుళ్లు నలభై యాభై మీటర్లు దాటితే చెదిరిపోతాయి. దూరపు వేట పిస్టల్ సరిగ్గా దీనికి తలకిందులు: పొట్టి గొట్టం, లోపల గాడులు, రైఫిల్ తూటా. మన రైతుకూ వేటగాడికీ చట్టం సులువుగా తెరిచిన తలుపు దగ్గరి దూరానిదే.

చట్టాన్ని ఎందుకు తప్పుపట్టాలి, అడవే అలాంటిది కదా అని ఒకరు అడగవచ్చు. ఈ మాటలో బలముంది. శ్రీహరికోటది పాల చెట్లు, పొదలు ఒత్తుగా అల్లుకున్న అడవి. అందులో 200 మీటర్ల చూపే ఆనదు. కానీ దీవి పడమటి అంచు దాటితే కనుచూపు మేర పులికాట్ సరస్సు, ఉప్పు పర్రలు. అడవి ఒక్కటే కారణమైతే ఆ బయలులోనైనా దూరపు తుపాకీ సామాన్యుడి చేతిలో కనిపించాలి. కనిపించలేదు. యానాదులది పాతకాలపు పద్ధతి, కొత్త పనిముట్టు వాళ్లకు పట్టదు అనేది రెండో ఆక్షేపణ. దీన్ని నేను ఒప్పుకోను. జెర్డన్ పేరుతోనే పక్షిశాస్త్రం ఎరిగిన కలివికోడి దశాబ్దాల తరబడి కనిపించక, అంతరించిందనుకున్నాక, 1986లో కడప జిల్లా లంకమల పొదల్లో మళ్లీ దొరికింది. రాత్రివేళ టార్చి వెలుగులో దాన్ని ప్రాణాలతో పట్టి శాస్త్రజ్ఞులకు అప్పగించినవాడు ఒక స్థానిక వేటగాడు. చేతికి టార్చి అందితే దాన్ని అంత నేర్పుగా వాడుకున్న మనుషులను కొత్త పనిముట్టుకు దూరమని ఎలా అంటాం?

మూడో ఆక్షేపణ బరువైనది: తుపాకులు అందరికీ అందకపోవడం వల్లే కదా జంతువులు మిగిలాయి? నిజమే, 200 మీటర్ల నుంచి కూల్చే ఆయుధం ఈ తీరమంతా పరుచుకుని ఉంటే దుప్పుల కథ ఎప్పుడో ముగిసేది. నేను ఆ పిస్టల్ కోసం వాదించడం లేదు. దాన్ని మలిచే చేతిపని మీద గౌరవం ఉన్నా సరే. అయితే జంతువు కోసం చేసిన సమగ్రమైన చట్టం 1972లో గానీ రాలేదు. అందులో కూడా మొదట పెద్ద వేటకు లైసెన్సులిచ్చే వీలుంచారు. 1991 సవరణతో ఆ దారి మూసుకుపోయింది. అంతకు ముందు వందేళ్లు చట్టం వేటను ఆపలేదు, వేటగాళ్లను ఏరింది. యానాది ఉచ్చు నేరమైన కాలంలోనే దొర తుపాకీ విహారమైంది. ఈలోగా శ్రీహరికోటే మారిపోయింది. 1969లో రాకెట్ కేంద్రానికి ఎంపికై, 1971 అక్టోబరు 9న తొలి రాకెట్‌ను పంపింది. యానాది కుటుంబాలు పునరావాసానికి కదిలాయి. దీవి కాపలా ఉన్న ప్రాంతమైంది. 1972 చట్టం ఎవరైనా పట్టుకోవచ్చని ఒక పట్టికలో వేరుగా చేర్చిన కొద్దిపాటి జీవాల్లో ఎలుకలుండేవి; ఆ పట్టికను 2022 సవరణ తీసేసింది. దీవి దాటి సూళ్లూరుపేట వైపు వరి పొలాలకు చేరిన యానాదికి తన పాత వేటల్లో లైసెన్సు అడగని వేట అదొక్కటే మిగిలింది. రైతు దాన్ని వేట అనడు, కూలి అంటాడు.