మన బళ్ల తాళం ఎవరి చేతిలో ఉండె? 2020-21 చరిత్ర

పోస్టు పొడుగ్గానే ఉంటది, తీరిక చూసుకొని చదవండి.

కరోనా అప్పుడు బళ్లు బంద్ కావడం, మళ్లీ తెరవడం మనలో చాలామంది అనుభవించిందే. కానీ తారీఖులతో సహా ఒక్కచోట రాసుకున్నోళ్లు తక్కువ. ఇప్పుడు హాస్టల్లో చేరుతున్న చిన్న పిల్లలకు ఆ రోజులు సరిగ్గా గుర్తు కూడా లేవు. మనం రాసిపెట్టుకోకపోతే ఎవరో రాసిందే మన చరిత్ర అయితది.

ముందు తారీఖులు చూద్దాం. తెలంగాణలో 2020 మార్చి 16 నుంచి బళ్లు బంద్. మార్చి 19న పదో తరగతి పరీక్షలు మొదలై, మూడు పేపర్లు కాగానే హైకోర్టు ఆదేశంతో ఆగిపోయినయి. జూన్‌లో మిగిలిన పేపర్లు పెడతామని ప్రభుత్వం అన్నది. జీహెచ్‌ఎంసీ, ఆ చుట్టుపక్కల ప్రాంతం తప్ప మిగతా చోట్ల పెట్టుకోవచ్చని హైకోర్టు చెప్పింది. ఒకే పరీక్ష రెండు విడతలుగా ఎట్లా పెడతామని ప్రభుత్వం జూన్ 8న మొత్తం రద్దు చేసి, ఇంటర్నల్ మార్కులతో దాదాపు 5 లక్షల 34 వేల మందిని పాస్ చేసింది. అందులో నేనొకణ్ణి. మా ఇంట్లో పది పాసైన మొదటి మనిషిని, మూడు పేపర్లే రాసి పాసైన.

2020 సెప్టెంబర్ 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠాలు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, ఆపై తరగతులకు బడి తెరిచారు. ఫిబ్రవరి 24న ఆరు నుంచి ఎనిమిది వరకు తెరిచారు. నెల తిరగకముందే, మార్చి 24 నుంచి మళ్లీ అన్నీ బంద్. పది పరీక్షలు రెండోసారి రద్దు. జులై 1 నుంచి మళ్లీ ఆన్‌లైన్. చివరికి సెప్టెంబర్ 1న అంగన్‌వాడీ నుంచి పీజీ దాకా అన్నీ తెరుస్తామని ప్రకటన వచ్చింది.

ఈ వరుసలో ఒకటి గమనించండి. పరీక్షలున్న పెద్ద పిల్లలకు ముందు తెరిచారు. ఒకటి నుంచి ఐదు చదివే పిల్లలు ఏడాదిన్నరకు అటూఇటుగా, అంటే 17 నెలల పైన బడి మొహమే చూడలేదు. డెన్మార్క్ దేశం 2020 ఏప్రిల్ 15నే బళ్లు తెరిచింది, అదీ చిన్నపిల్లలతోనే మొదలుపెట్టింది. చిన్నపిల్లలు ఫోన్లో నేర్చుకోలేరు, వాళ్లను చిన్న గుంపులుగా కూర్చోబెట్టొచ్చు అన్నది వాళ్ల ఆలోచన. ఆ దేశంలో ఉన్న వసతులు మనకు లేవు, నిజమే. కానీ ముందు ఎవరికి తెరవాలి అన్న ప్రశ్నకు ఇంకో జవాబు కూడా ఉండె అని తెలుసుకోవాలి.

ఇప్పుడు పాతబస్తీ సంగతికి వద్దాం. నయాపూల్ దాటి మదీనా వైపు వస్తుంటే మూసీ ఒడ్డున పెద్ద గుమ్మటాల బంగ్లా కనిపిస్తది. అదే మన హైకోర్టు. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని మళ్లీ కట్టుకున్న కాలంలో కట్టింది, 1920 ఏప్రిల్ 20న ప్రారంభమైంది. దాని ముందు నుంచి రోజూ వేలమంది పోతరు. మన గురుకులాల గురించి ఆ రెండేండ్లలో అతి పెద్ద నిర్ణయం అక్కడే వచ్చింది.

సెప్టెంబర్ 1న తెరవాలన్న ఉత్తర్వు మీద ఒక పిటిషన్ పడింది. 2021 ఆగస్టు 31న హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అందులో రెండు ముఖ్యమైన మాటలున్నయి. ఒకటి: ఏ పిల్లను గానీ, పిల్లగాణ్ణి గానీ బడికి రమ్మని బలవంతం చేయొద్దు, రాకపోతే శిక్షించొద్దు, ఏమన్నా అయితే మాది బాధ్యత కాదని తల్లిదండ్రుల దగ్గర రాయించుకోవద్దు. రెండు: గురుకులాలు, హాస్టళ్లు మాత్రం ఇప్పుడే తెరవొద్దు. అక్టోబర్ దాకా అట్లనే నడిచింది, ఆ నెలలో కోర్టు అనుమతి ఇచ్చినంక గురుకులాలు తెరుచుకున్నయి.

ఆ రెండో మాట తప్పా, ఒప్పా? మన హాస్టల్ల గురించి తెలిసినోళ్లు గబుక్కున తప్పు అనలేరు. పగటి బడిలో పిల్లలు ఆరేడు గంటలు ఉండి ఇంటికి పోతరు. హాస్టల్లో ఒకే హాల్లో పడుకుంటం, ఒకే వరుసలో పళ్లెం పట్టుకొని నిలబడతం, ఒకే నల్లా కాడ మొహం కడుగుతం. 2021 మార్చిలో కొన్ని హాస్టళ్లలో, గురుకులాల్లో పిల్లలకు కరోనా వచ్చినట్టు వార్తలొచ్చినంకనే మళ్లీ బంద్ పెట్టారు. అప్పటికి పిల్లలకు టీకా లేదు, 15 ఏండ్లు దాటినోళ్లకు అది మొదలైందే 2022 జనవరి 3న. హాస్టల్ నుంచి జ్వరంతో ఇల్లు చేరిన పిల్లగాని వల్ల ముసలి అవ్వకు అంటుకుంటే దవాఖాన ఎంత దూరం? మా తండాలో జనమే దారికి అడ్డంగా కంప వేసుకున్నరు. ఆ భయం ఉత్త భయం కాదు.

కానీ ఇంకో లెక్క ఉంది. ఆ లెక్క చాలామంది వేయలేదు. మన పిల్లలకు హాస్టల్ అంటే పాఠం ఒక్కటే కాదు. మూడు పూటల తిండి, గుడ్డు, సబ్బు, దుప్పటి, రాత్రి చదువుకోను లైటు. నగరంలో బడి బంద్ అయితే పిల్లగాడు ఇంట్లో ఉంటడు. మన దగ్గర బడి బంద్ అయితే పిల్లగాడు పత్తి చేన్ల ఉంటడు. ఆడపిల్ల అయితే పెండ్లి మాట మొదలైతది. 2021 సెప్టెంబర్‌లో జాఁ ద్రేజ్, రీతికా ఖేరా వంటి పరిశోధకులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద కుటుంబాల్లో చేసిన సర్వే బయటికొచ్చింది. పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్ చదువు అందినోళ్లు 8 శాతమే. అసలే చదవనోళ్లు 37 శాతం. పల్లెల్లో దళిత, ఆదివాసీ పిల్లల్లో క్రమంగా ఆన్‌లైన్ చదివినోళ్లు 4 శాతం.

అందుకే ఆగస్టు 31 ఉత్తర్వులోని మొదటి మాట, రెండో మాట పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి మాట తల్లిదండ్రులకు ఎంచుకునే హక్కు ఇచ్చింది: ఇష్టమైతే పంపు, లేకపోతే ఇంట్లోనే ఆన్‌లైన్ చదివించు. ఫోన్, సిగ్నల్ ఉన్న ఇంటికి అది నిజమైన హక్కు. రెండో మాటలో మనకు ఎంచుకునేది ఏమీ లేదు. తాళం వేసి ఉంది, అంతే.

పాతబస్తీ పేద పిల్లల గతి కూడా మనకు దగ్గరే. గల్లీల్లో అద్దె ఇండ్లలో నడిచే చిన్న ప్రైవేటు బళ్లు ఫీజులు రాక కుదేలైనయి. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించిందంటే వాళ్ల పరిస్థితి అర్థం చేసుకోండి. పాతబస్తీ గాజుల కార్ఖానాల్లో పనిచేస్తున్న పిల్లలను 2015లో పోలీసులు వందల మందిని విడిపించారు. అసొంటి చోట బడి మూస్తే పిల్లల కోసం పని ఎదురుచూస్తనే ఉంటది. మనకు పత్తి చేను ఎట్లనో, వాళ్లకు కార్ఖానా అట్ల.

మరి మన దగ్గర వేరే దారి లేకుండా ఎందుకు పోయింది? దీనికి కొంచెం వెనక్కి పోవాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైనంక, ఆదివాసీల సంగతి తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన సూచనతో 1943లో మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ మొదలైంది, గోండి భాషలో వాచకాలు తయారైనయి. అంటే బడి గూడేనికి వచ్చింది, పంతులు గూడెం మనిషే. ఇంకో దారి 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం. అందులో పిల్లగాడే బడి దగ్గరికి పోయి అక్కడే ఉంటడు. ఆ నమూనాతోనే తర్వాత మన గురుకులాలు వచ్చినయి. మనలో చాలామంది డిగ్రీ దాకా వచ్చిందే ఆ దారిలో. దాన్ని నేను తక్కువ చేయను.

కానీ రెండో దారి పెరుగుతున్నకొద్దీ మొదటి దారి సన్నబడ్డది. గూడెంలో ఉన్న ఒక్క టీచర్ బడి బలహీనపడ్డది. కరోనా వచ్చి రెండో దారి మూసుకుంటే, నడవడానికి మొదటి దారి మిగలలేదు. ఇంకో ముచ్చట కూడా ఆ రోజుల్లోనే జరిగింది. ఏజెన్సీ ప్రాంత టీచర్ పోస్టులు మొత్తం స్థానిక గిరిజనులకే ఇచ్చే 2000 నాటి జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నోళ్లను తీసేయలేదు గానీ, ముందు ముందుకు తలుపు మూసుకుంది. ఊళ్లోనే ఉండే, మన భాష తెలిసిన టీచర్ ఎంత అవసరమో ఆ లాక్‌డౌన్‌లోనే అందరికీ తెలిసొచ్చింది. అదే నెలల ఆ జీవో పోయింది.

అయినా మన పిల్లలు ఉత్తగ కూసోలేదు. 2020లో గురుకులాల విద్యార్థులు ఊళ్లలో విలేజ్ లెర్నింగ్ సర్కిల్స్ నడిపిండ్రు. పెద్ద తరగతి పిల్ల అరుగు మీదనో, చెట్టు కిందనో చిన్నోళ్లను కూసోబెట్టి చెప్పింది. మార్లవాయి ఆలోచన అదే కదా! గూడెం మనిషే గూడెం పిల్లలకు చెప్పడం. కానీ వాళ్లకు జీతం లేదు, పలక లేదు, పిల్లలకు పెట్టను బువ్వ లేదు. అది పిల్లల పట్టుదలతో నడిచింది గానీ ఏర్పాటుతో కాదు.

నా అభిప్రాయం చెప్తున్న, ఒప్పుకోకపోతే వాదించండి. "తెరవాలా, మూయాలా" అన్న ప్రశ్నే మనకు సరిపోదు. హాస్టల్ మూయడం న్యాయమే అయిన రోజులు కూడా ఉంటయి. అసొంటప్పుడు అడగాల్సింది: మూస్తున్నరు సరే, బదులుగా ఏమిస్తున్నరు? హాస్టల్ బియ్యం, గుడ్డు ఇంటికి వస్తదా? పదిహేను మంది పిల్లలున్న గూడెం బడిని, గల్లీలో వందల మంది కిక్కిరిసిన నగరం బడితోపాటే ఒకే తారీఖున ఎందుకు మూయాలె? ఊళ్లో డిగ్రీ చదివినోళ్లకు జీతమిచ్చి చిన్నోళ్లకు పాఠం చెప్పించొచ్చు కదా? తీర్పు రాకముందు మన తరఫున ఎవరన్నా ఈ లెక్క కోర్టు ముందు పెట్టిండ్రా? అయ్యా, రోగం ఎంత ప్రమాదమో, బడి మానడం కూడా అంత ప్రమాదమే. రెండూ ఒకే కాటాలో తూచాలె.

ఇంకో మహమ్మారి రాదని ఎవరూ చెప్పలేరు. అప్పుడు మన చేతిలో కాగితం ఉండాలి. అందుకే ఒక్క పని చేద్దాం. మీ తండా, గూడెం పేరు, 2020లో అక్కడ బడి చదివే పిల్లలు ఎంతమంది, ఎన్ని నెలలు బడి లేదు, తెరిచినంక తిరిగి పోనోళ్లు ఎంతమంది, అందులో ఆడపిల్లలు ఎంతమంది, ఇవి కింద రాయండి. పిల్లల పేర్లు రాయొద్దు, లెక్క చాలు. తెలియకపోతే ఆ ఊరి అంగన్‌వాడీ అక్కను, పాత టీచర్‌ను అడగండి. ఊరూరి లెక్కలు ఒక్కచోట వరుసగా పేర్చే పని నేను చేస్త.