తోలు జారిపోయిన వీణ

మా కళాశాల చరిత్ర విద్యార్థులను వీలైనప్పుడల్లా చెన్నై ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియానికి తీసుకుపోవడం మాకు ఆనవాయితీ. అక్కడి అమరావతి శిల్పాల ఎదుట, సంగీత గోష్ఠుల దృశ్యాల దగ్గర వారిని నిలబెట్టి, స్త్రీల చేతుల్లోని వాద్యాలను గుర్తించమంటాము. వేణువును, మద్దెలను వెంటనే చెబుతారు. అడుగున పడవ వంటి డొల్ల, దాని చివర నుండి పైకి లేచి వంపు తిరిగిన కొమ్మ, ఆ రెంటి మధ్య వరుసగా బిగించిన తీగలు ఉన్న వాద్యం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. ఒకరు విల్లంటారు. ఇంకొకరు పాశ్చాత్యుల హార్ప్ అంటారు. అది వీణ అని మేము చెప్పినప్పుడు ప్రతిసారీ కొన్ని ముఖాలలో అపనమ్మకం కనబడుతుంది.

వారి తప్పేమీ లేదు. వీణ అనగానే తెలుగువాని మనస్సులో మెదిలేది సరస్వతి ఒడిలోని వీణ: పనస కర్రతో తొలిచిన కుండ, పొడవైన దండి, మైనంలో అమర్చిన ఇరవై నాలుగు మెట్లు, సొరకాయ బుర్ర, చివర యాళి ముఖం. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో నేటికీ ఒకే దుంగ నుండి తొలుస్తున్నది ఈ వీణనే. ఇది ఈ రూపానికి వచ్చింది క్రీ.శ. 17వ శతాబ్దంలో, తంజావూరు నేలిన తెలుగు ప్రభువు రఘునాథ నాయకుని కాలంలో అని సంగీత చరిత్ర చెబుతున్నది. బుద్ధ భగవానుని నాటికి, దీనికి రెండు వేల సంవత్సరాల దూరం ఉంది. అయినా మన బౌద్ధ క్యాలెండర్ల మీద, పిల్లల పుస్తకాల మీద, విహారాల గోడల మీద సోణ స్థవిరుని చేతిలో తంజావూరు వీణే కనబడుతుంది. ఒక చిత్రకారుని పొరపాటుకు ఇంత వ్యాసం దేనికని పాఠకులు అడగవచ్చు. ఆ పొరపాటు వలన రెండు బుద్ధవచనాల అర్థం పలచబడింది. అంతకంటె ముఖ్యంగా, ఆ వచనాలలో ఉన్న ఒక పనివాడు బొమ్మలో నుండి తప్పిపోయాడు.

మొదటిది సంయుత్త నికాయంలోని వీణోపమ సూత్రం. ఎన్నడూ వీణ విననివాడొక రాజు ఉంటాడు. ఆ నాదం చెవిన పడి మోహపడి, అదేమిటో తీసుకురమ్మంటాడు. సేవకులు వీణను తెచ్చి ముందుంచుతారు. నాకు వీణ వద్దు, ఆ నాదమే కావాలంటాడు రాజు. నాదం వేరుగా ఉండదని, అనేక భాగాలు కూడి, మనిషి ప్రయత్నం తోడైతేనే పుడుతుందని వారు వివరిస్తారు. రాజు వినక వీణను ముక్కలు చేసి, కాల్చి, బూడిదను గాలికి చెరిగి, లోపల నాదమేదీ దొరకక, వీణ నీచమైన వస్తువని తిట్టి లేచిపోతాడు. పంచ స్కంధాలలో ‘నేను’ అనేదాన్ని వెదికే భిక్షువుకు ఏమి దొరుకుతుందో చెప్పే ఉపమానమిది. సూత్రం లెక్కించిన భాగాలు ఇవి: దోణి, చమ్మం, దండం, ఉపవీణ, తంత్రి, కోణం, ఆపైన పురుషుని యత్నం. దోణి అంటే దోనె. తెలుగువానికి ఈ మాటకు నిఘంటువు అక్కర లేదు. చమ్మం అంటే చర్మం, తోలు. కోణం అంటే మీటే పుల్ల.

నేటి వీణలో తోలు ఎక్కడ ఉంది? ఎక్కడా లేదు. కుండ మీద మూసేది పలుచని చెక్క పలక. కనుక తంజావూరు వీణను తలచుకొని ఈ సూత్రం చదివేవారికి ‘చమ్మం’ అర్థం కాదు. దోణిని కుండ అనుకొని, చమ్మాన్ని ఏదో అలంకారం అనుకొని దాటిపోతారు. ఈ చిక్కును విప్పినవాడు ఆనంద కుమారస్వామి. 1930లో అమెరికన్ ఓరియంటల్ సొసైటీ పత్రికలో వీణ భాగాల గురించి వ్రాసిన వ్యాసంలో, ప్రాచీన గ్రంథాలలోని మాటలను శిల్పాలతో కలిపి చదివి, బౌద్ధ వాఙ్మయంలోని వీణ వంపు కొమ్మ గలదని, దాని దోనె మీద తోలు కప్పి ఉండేదని స్పష్టపరిచాడు. భార్హుత్ స్తంభం మీద అప్సరసల నాట్యాన్ని చెక్కిన శిల్పి, ఆ నర్తకుల పేర్లను కూడా చెక్కించి మనకు మేలు చేశాడు; ఆ మేళంలోని వాద్యమూ ఇదే. ఇంద్రశాల గుహ ముందు పంచశిఖుడనే గంధర్వుడు వాయించినదీ ఇదే. అలహాబాదు స్తంభ ప్రశస్తిలో తుంబురు నారదులను మించినవాడని పొగడ్త పొందిన సముద్రగుప్తుడు తన బంగారు నాణెం మీద ఒడిలో పెట్టుకొని కూర్చున్నదీ ఇదే.

రెండవది సోణుని కథ. చంపానగరపు శ్రేష్ఠి కుమారుడైన సోణ కోళివిసుడు భిక్షువై, నడక ధ్యానంలో పాదాలు చిట్లి దారి రక్తసిక్తమయ్యేదాకా శ్రమించి, ఫలితం కానరాక ఇంటికి పోదామా అనుకుంటాడు. భగవానుడు వచ్చి, ఇంట ఉన్నప్పుడు నీవు వీణ బాగా వాయించేవాడివి కదా అని మొదలుపెట్టి, తీగ మరీ బిగిసినా, మరీ వదులైనా నాదం పలకదన్న సంగతిని అతని నోటనే చెప్పిస్తాడు. ఈ కథను మన ఉపన్యాసకులు మధ్యమ మార్గానికి ఉదాహరణగా చెబుతారు; చెప్పవలసిందే. అయితే వాద్యం మారితే ఉపమానం లోతు కూడా మారుతుంది. వంపు వీణలో ప్రతి స్వరానికి ఒక తీగ. గుత్తిల జాతకంలోని వీణకు ఏడు తీగలు. బిరడలు లేవు, కొమ్మకు చుట్టిన తాళ్లను పైకి, కిందికి జరిపి శ్రుతి చేయాలి. ఒక తీగను అతిగా లాగితే కొమ్మ ఆ మేరకు వంగి తక్కిన తీగలు సడలుతాయి. తోలు చెమ్మ పట్టినా శ్రుతి తప్పుతుంది. అంటే ఒక తీగ తనకు తాను సరిగా ఉండడం చాలదు. ఏడూ ఒకదానితో ఒకటి సమంగా ఉండాలి. సోణునికి తథాగతుడు చెప్పినది కూడా వీర్యంలో సమత్వం, ఇంద్రియాల మధ్య సమత్వం. ఆ రెండవ మాట, శ్రద్ధ, వీర్యం, స్మృతి, సమాధి, ప్రజ్ఞలు ఒకదానికొకటి తూగాలన్న మాట, వంపు వీణను చూసినవానికి విడమరచి చెప్పనక్కర లేదు.

ఈ కథ వినయ పిటకంలో ఏ ప్రకరణంలో ఉందో గమనించినవారు తక్కువ. అది చమ్మ ఖంధకం, అంటే తోలు వస్తువుల ప్రకరణం. సోణుని పాదాలు సుకుమారమైనవని ఒక్క పొర అడుగు గల చెప్పులను అనుమతించగా, తనకొక్కనికే అయితే వద్దని అతడన్నాడు. అప్పుడు సంఘమంతటికీ అనుమతి లభించింది. వీణ తీగల ఉపమానం, భిక్షువుల చెప్పులు ఒకే కథలో ఇమిడి ఉన్నాయి. వీణ మీది తోలు గానీ, పాదం కింది తోలు గానీ ఎవరో ఒకరు పదును చేసినదే.

ఆ ఎవరో ఒకరిలో ఒకని పేరు మనకు తెలుసు. అమరావతి మహాచైత్యానికి పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేసిన విధికుడు చమ్మకారుడు. ఆ శాసనం అతనిని నాగ ఉపాధ్యాయుని పుత్రుడని చెబుతుంది. తల్లితో, భార్యతో, సోదరులతో, నాగుడనే కుమారునితో, కుమార్తెలతో, జ్ఞాతి మిత్ర బంధువులతో కలిసి ఇచ్చిన దానమది. తోలు పని చేసేవాడు, ఉపాధ్యాయుని కొడుకు: ఈ రెండు మాటలు ఒకే వాక్యంలో ఒదిగి ఉండడం తరువాతి శతాబ్దాల సమాజాన్ని ఎరిగినవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. చెక్కినవానికి ఆశ్చర్యం కలిగినట్లు లేదు. సాంచిలో దక్షిణ తోరణం మీద విదిశా నగరపు దంతపు పనివారు ఆ శిల్పం తమ పని అని చెక్కించుకున్నట్లే, ఇక్కడ విధికుడు తన వృత్తి నామాన్ని దాచుకోకుండా చెక్కించుకున్నాడు.

మరి ఆ వీణ ఏమయింది? ఈ ప్రశ్నకు మన సభలలో తరచు వినబడే జవాబు ఒకటుంది: బౌద్ధంతో పాటు దానినీ నాశనం చేశారని. మాకు ఆ జవాబు సమ్మతం కాదు. పోయినదంతా శత్రువు చేతనే పోయిందనుకోవడం చరిత్ర కాదు. సంగీత చరిత్రకారులు చెప్పే కారణం సరళమైనది. ఒకే తీగను దండి మీద నొక్కి అనేక స్వరాలను, వాటి మధ్య గమకాలను పలికించగల వాద్యాలు ప్రబలాయి. స్వరానికొక తీగ కావలసిన వాద్యం వెనుకబడింది. మొదటి సహస్రాబ్ది ముగిసేనాటికి ఆస్థానాలలో దాని స్థానం పోయింది. పేరు మాత్రం కొత్త వాద్యానికి సంక్రమించింది. తమిళ దేశంలో పేరు కూడా మిగలలేదు. సంగ సాహిత్యమంతటా మోగిన యాళ్ అనే వంపు వీణను 1947లో శ్రీలంకకు చెందిన విపులానంద స్వామి తన యాళ్ నూల్‌లో పరిశోధించి తిరిగి కట్టవలసి వచ్చింది.

అయినా అది పూర్తిగా పోలేదు. ఆస్థానాల వైపు చూసేవారికి కనబడని చోట ఉండిపోయింది. నర్మదా లోయలో, మధ్యప్రదేశ్‌లోని మండ్లా ప్రాంతంలో, గోండుల వంశగాథలు పాడే పర్ధానుల చేతిలో ఐదు తీగల బీన్ బాజా ఉంది. వంపు కొమ్మ, దోనె, దాని మీద తోలు, అన్నీ ఉన్నాయి. రోడరిక్ నైట్ అనే సంగీత పరిశోధకుడు 1980లలో దాని గురించి వ్రాసేదాకా, భారతదేశంలో ఈ జాతి వాద్యం అంతరించిందనే పండితులు వ్రాస్తూ వచ్చారు. మన ఆదిలాబాదు పర్ధానులు వాయించేది కిక్రి, కమానుతో మ్రోగించే వేరే వాద్యం. వృత్తి ఒకటే, వాద్యం మారింది. అఫ్ఘనిస్తాన్‌లోని నూరిస్తాన్ కొండలలో వాజ్ అనే పేరుతో మరొక వంపు వీణ ఉంది.

నిండు గౌరవంతో అది నిలిచిన చోటు బర్మా. అక్కడ దాని పేరు సౌంగ్. పడవ వంటి దోనె, దాని మీద బిగించిన జింక తోలు, వేరు కర్రతో చేసిన వంపు కొమ్మ, కొమ్మకు చుట్టిన కుచ్చుల తాళ్లు. అమరావతి పలకను చూసినవారికి ఏ పరిచయమూ అక్కర లేదు. క్రీ.శ. 802లో ప్యూ రాజ్యం నుండి చైనా టాంగ్ చక్రవర్తి ఆస్థానానికి వెళ్లిన 35 మంది వాద్యకారుల మేళంలో ఈ వీణలు ఉన్నాయని చైనా చరిత్ర గ్రంథం నమోదు చేసింది. ఆ ప్యూల నగరమైన బెయిక్థానోలో బయటపడిన విహారపు కట్టడ రీతి నాగార్జునకొండ విహారాలను పోలి ఉంటుంది. శ్రీక్షేత్రంలో దొరికిన బంగారు రేకుల మీది పాళీ పాఠాల లిపి దక్షిణ భారత లిపులకు దగ్గరి చుట్టం. ఘంటసాల వంటి మన రేవుల నుండి సముద్రం దాటిన వాటిలో వీణ కూడా ఉందని మేము శపథం చేయలేము గానీ, ఆ దారి తెరిచి ఉన్నదన్నది నిజం. 19వ శతాబ్దంలో మ్యావడి మిన్‌జీ ఊ సా అనే సంగీతజ్ఞుడు తీగలను 7 నుండి 13కు పెంచాడని అక్కడి సంప్రదాయం, నేడు 16. పెంచకముందరి ఏడు, గుత్తిలుని ఏడు ఒకే సంఖ్య కావడం మాకు ఎప్పుడూ ముచ్చట గొలుపుతుంది. కాకినాడ, విశాఖ రేవుల నుండి రంగూన్ పోయిన వేలాది తెలుగు కూలీలలో కొందరైనా పగోడాల దగ్గర ఆ నాదం వినే ఉంటారు. అది తమ ఊరి రాళ్ల మీద చెక్కి ఉన్న వాద్యమని వారికి చెప్పినవారు ఉండి ఉండరు.

మొన్నటి ప్రయాణంలో ఒక విద్యార్థి, తోలును అంత పలుచగా ఎలా బిగిస్తారని అడిగాడు. మాకు జవాబు తెలియలేదు. వెనుక ఉన్న మరొక విద్యార్థి చెప్పాడు: సున్నంలో నానవేసి వెంట్రుక తీయాలి, పచ్చిగా ఉన్నప్పుడే బిగించి ఎండనివ్వాలి, తంగేడు చెక్కతో పదును చేసినది చెప్పుకు పనికివస్తుంది గాని వాద్యానికి కాదు, వాన రోజున డప్పును కాచినట్లు దీనిని కూడా కాచవలసి వస్తుందేమో అని. వాళ్ల తాత డప్పులు కట్టేవాడట. పాఠం అక్కడి నుండి అతడే నడిపాడు. విధికుని శాసనం గురించి మేము అతనికి చెప్పినది తిరుగు రైలులో.

ఈ సంచిక కోసం సోణుని చిత్రం వేసే చిత్రకారునికి మేము పంపిన చీటీలో వ్రాసినది ఇంతే: మెట్లు వద్దు, బుర్ర వద్దు, బిరడలు వద్దు. పడవ వంటి దోనె, దాని మీద తోలు, వంపు కొమ్మ, ఏడు తీగలు. తోలు రంగు వేరుగా తెలియాలి.